ఏ చరిత్ర చదవాలి?

తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం మీద ఒక్క పుస్తకం పేరు చెప్పమని సాహిత్య విద్యార్థులూ, కొత్తగా కథలు రాస్తున్నవారూ నన్ను తరచు అడుగుతుంటారు. బడిపంతులుని కాబట్టి ఏదో ఒక పేరు చెప్పి పంపెయ్యవచ్చు. కాని ఆ ఒక్క పుస్తకమే రేపు వారి రచనల్లో చరిత్రగా స్థిరపడుతుంది. అందుకే ఎంపిక చిన్న విషయం కాదు.

పుస్తకం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ముందు చూడాలి. 1948లో హైదరాబాదులో భారత ప్రభుత్వ ఏజెంటు జనరల్‌గా ఉన్న కె.ఎం. మున్షీ తన జ్ఞాపకాలను 1957లో ప్రచురించారు. ఆయన దృష్టి అంతా నిజాంతో సాగిన సంప్రదింపుల మీద, రజాకార్ల మీద, సెప్టెంబరు సైనిక చర్య మీద. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ఎందుకు నేలకొరిగాడో, వెట్టికీ భూమికీ సంబంధమేమిటో తెలుసుకోడానికి ఆ పుస్తకం చాలదు.

ఉద్యమ నాయకుల పుస్తకాలు కూడా ఒకే మాట చెప్పవు. పుచ్చలపల్లి సుందరయ్య గ్రంథం 1972లో, రావి నారాయణరెడ్డి గ్రంథం 1973లో వెలువడ్డాయి. 1964 చీలిక తర్వాత ఇద్దరివీ వేర్వేరు పార్టీలు. యూనియన్ సైన్యం వచ్చాక సాయుధ పోరాటాన్ని ఆపవలసిందని నారాయణరెడ్డి వాదం. పంచుకున్న భూమిని నిలుపుకోడానికి కొనసాగించక తప్పలేదని సుందరయ్య వాదం. 1951 అక్టోబరు విరమణ దాకా నడిచిన ఆ మూడేళ్ల మీదే అసలు పేచీ. ఒకరిని చదివి రెండోవారిని వదిలేస్తే మనకు దక్కేది తీర్పు మాత్రమే.

సుందరయ్య స్త్రీల పాత్రకు ఒక అధ్యాయం ఇచ్చారు. అయితే విరమణ తర్వాత ఆ స్త్రీలు ఏ ఇళ్లకు తిరిగి వెళ్లారు, ఆ ఇళ్లు వారిని ఎలా చూశాయి అన్న ప్రశ్న 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'తోనే మన ముందుకు వచ్చింది. అందులో మల్లు స్వరాజ్యం, చిట్యాల ఐలమ్మ వంటివారు తమ నోటితో మాట్లాడతారు. మూడు దశాబ్దాల తర్వాత చెప్పిన జ్ఞాపకాలు గనుక తేదీల కోసం వాటినే నమ్ముకోకూడదు.

కాబట్టి నా సలహా ఇది. విద్యార్థి సుందరయ్యతో మొదలుపెట్టాలి. ఊళ్లూ ఘటనలూ అక్కడ వివరంగా దొరుకుతాయి. వెంటనే నారాయణరెడ్డిని చదవాలి. కథ రాయదలచినవారు మాత్రం స్త్రీల మాటలతో మొదలుపెట్టాలి. నిర్ణయాలు ఎవరు చేశారో నాయకుల పుస్తకాలు చెబుతాయి. ఆ నిర్ణయాల బరువు ఎవరి మీద పడిందో ఈ పుస్తకం చెబుతుంది. మన కథల్లో ఇంకా సరిగా రానిది ఆ రెండోదే.