హలాలు ముద్ర: పుట్టుపూర్వోత్తరములు

తెలంగాణా పల్లెలలో పండుగకు యాటను కోయవలసి వచ్చినప్పుడు హిందువులు సైతము ముల్లాను పిలిపించెడి ఆచారము చాలమందికి తెలిసినదే. ఆయన దేవుని పేరు పలికి కత్తి ఆడించును. ఆ మాంసము హలాలు అని ఎవరును కాగితము వ్రాసి ఇచ్చెడివారు కారు. కన్నుల యెదుట జరిగిన పనికి కాగితమెందుకు?

హలాలు అనగా అరబ్బీ భాషలో ధర్మము అనుమతించినది అని అర్థము. ఈ మాట ఒక్క మాంసమునకే కాదు, మనిషి సంపాదనకు కూడ వర్తించును. మధ్యయుగములలో బాగ్దాదు, కైరో వంటి నగరముల బజారులలో ముహ్తసిబు అను అధికారి తిరుగుచుండెడివాడు. తూనికరాళ్లు సరిచూచుట, కల్తీ చేసినవానిని దండించుట, కసాయివారి పనిని కనిపెట్టియుండుట ఆయన విధులు. కొనువాడు, అమ్మువాడు, అధికారి ఒకే వీధిలో నున్నంతకాలము ఇది చాలినది.

సరకు డబ్బాలలోను, పొట్లములలోను సముద్రములు దాటి రాసాగిన తరువాత చిక్కు మొదలైనది. బిస్కత్తులోని కొవ్వు ఏ జంతువుదో కొనువానికి తెలియుటెట్లు? మలేషియా ప్రభుత్వము 1974లోనే ధ్రువపత్రములు ఇయ్యనారంభించినది. ఇండొనేషియాలో మాత్రము దీనికి ఒక భయము కారణమైనది. 1988లో మలాంగ్ నగరపు బ్రావిజయ విశ్వవిద్యాలయ పరిశోధకుడొకరు, బజారులోని పెక్కు ఆహారపదార్థములలో పంది సంబంధమైన దినుసులు ఉండవచ్చునని ప్రకటించినారు. ఆ మాట దావానలమువలె వ్యాపించి అమ్మకములు పడిపోయినవి. నిర్దోషమైన సరకులు కూడ వదంతులకు బలియైనవి. మరుసటి సంవత్సరము జనవరిలో అచటి ఉలేమా మండలి ఆహారమును, ఔషధములను పరీక్షించుటకు ప్రత్యేక సంస్థను నెలకొల్పినది. మతపండితుల ప్రక్కన రసాయనశాస్త్రజ్ఞులు కూర్చుండుట అప్పటినుండియే.

వారికి అసలైన పరీక్ష 2000 సంవత్సరాంతమున ఎదురైనది. అజినొమొటో అను రుచిపొడిని తయారుచేయుటకు బెల్లపుమడ్డిని సూక్ష్మజీవులచేత పులియబెట్టుదురు. ఆ జీవులను పోషించు సోయా ఆహారమును సిద్ధపరచుటలో పందినుండి తీసిన ఎంజైము వాడబడినదని తేలినది. ఉలేమా మండలి అది నిషిద్ధమన్నది. 2001 జనవరిలో సరకును బజారునుండి వెనుకకు తీసికొనవలసి వచ్చినది. అప్పటి అధ్యక్షుడు అబ్దుర్రహ్మాన్ వాహిద్ స్వయముగా మతపండితుడు. తుదిపదార్థములో పంది జాడ లేదు గనుక అది హలాలే అని ఆయన వాదము. మద్యము పులిసి వినిగరైనచో దోషము పోవునని శాస్త్రమే చెప్పుచున్నది గదా! కాని మండలి ఒప్పుకొనలేదు. దానికి కావలసినది తుదిపదార్థము మాత్రమే కాదు, అది నడచివచ్చిన దారి యంతయు. ఈ విషయములో అధ్యక్షుని తర్కము బలమైనదే. అయినను కొనువాని మనస్సును ఎక్కువగా ఎరిగినది మండలియే అని నా అభిప్రాయము.

ఈలోపల 1997లో కోడెక్సు అను అంతర్జాతీయ ఆహారప్రమాణముల సంఘము హలాలు అను మాట వాడుకకు మార్గసూత్రములను వెలువరించినది. మలేషియా 2000లో తన జాతీయ ప్రమాణమును ప్రకటించినది. 2023లో మన కేంద్రప్రభుత్వము కూడ, హలాలు పేరిట ఎగుమతియగు మాంసమునకు గుర్తింపు పొందిన సంస్థల పత్రము ఉండవలెనని నిర్ణయించినది.

ఇండొనేషియా 2014లో చట్టము చేసి ధ్రువపత్రమును తప్పనిసరి చేయదలచినది. పెద్ద, మధ్యరకపు ఆహారపరిశ్రమలకు 2024 అక్టోబరులో గడువు ముగిసినది. తోపుడుబండిపై మాంసపు ఉండల పులుసు అమ్ముకొను చిన్నవానికి మాత్రము 2026 అక్టోబరు వరకు గడువును పొడిగించినారు. వాని పులుసు త్రాగువారు వానిని పేరుపెట్టి పిలువగలరు. అయినను వానికి మాంసమిచ్చు కబేళాను వారు చూడలేదు.