ఎక్కనివాడి గుర్రం

చెన్నై మ్యూజియంలో ఉన్న మన అమరావతి శిల్పాల్లో ఒకటంటే నాకు మహా ఇష్టం. కొందరు ఆడవాళ్లు నేలకి ఒంగిపోయి మొక్కుతున్నారు. ఎవరికనుకున్నారు? ఎదురుగా ఉన్నది ఒక పీఠం, రెండు పాదాల గుర్తులు. పీఠం మీద ఎవరూ లేరు!

తొలినాళ్ల బౌద్ధశిల్పుల పద్ధతే అది. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కేవారు కారు. బోధివృక్షముంటే జ్ఞానోదయం, చక్రముంటే సారనాథ్‌లో తొలి ఉపదేశం, స్తూపమైతే నిర్యాణం. ఇవన్నీ మనం బళ్లో చదువుకున్నవే. నన్ను కదలనివ్వనిది మాత్రం గుర్రమండీ.

సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెళ్లిన ఘట్టం సాంచీ తూర్పు తోరణం మీద ఉంది. కంథకం నడుస్తోంది. పైన గొడుగు పట్టారు. వీపు మీద రౌతు లేడు! దారి సాగుతోందనడానికి ఆ గుర్రాన్నే వరసగా మళ్లీ మళ్లీ చెక్కారు. చివరికి గొడుగు పాదాల గుర్తుల మీదికి మారింది. గుర్రం వెనక్కి తిరిగింది. వెళ్లేటప్పుడూ వీపు ఖాళీయే, వచ్చేటప్పుడూ ఖాళీయే. అయినా అప్పుడు ఆయన ఉన్నాడనీ, ఇప్పుడు లేడనీ ఆ గొడుగొక్కటే చెప్పేస్తుంది. డెక్కల చప్పుడు వినపడకుండా దేవతలు అరచేతులు పట్టారంటారు. తిరిగొచ్చేటప్పుడు ఎవరు పట్టారో? యశోధర ఆ చప్పుడు వినే ఉంటుంది.

ఆయన్ని రూపంలో బంధించకూడదనే ఇలా చేశారని చాలాకాలం చెప్పుకున్నారు. 1990లో సూసన్ హంటింగ్టన్ అనే ఆవిడ కాదన్నారు. వీటిలో చాలామటుకు బుద్ధుడి కథలు కావట, తర్వాతి భక్తులు ఆ చెట్టునీ, పీఠాన్నీ పూజిస్తున్న దృశ్యాలట. మరుసటేడే విద్యా దెహేజియా అడ్డుపడ్డారు. ఒకే గుర్తు అటు బుద్ధుణ్ణీ, ఇటు పుణ్యక్షేత్రాన్నీ కూడా చెప్పొచ్చు కదా అన్నారు. నా ఓటు ఈవిడకే. చెట్టుకి మొక్కేది యాత్రికులే అనుకుందాం, మరి ఎవరూ ఎక్కని గుర్రానికి గొడుగెందుకు పట్టినట్టు?

అమరావతిలోనే తర్వాత బుద్ధుడు మనిషిగానూ వచ్చాడు. మదమెక్కిన నలగిరి ఏనుగుని లొంగదీసే గుండ్రటి శిల్పంలో నిలబడి కనిపిస్తాడు. అలాగని పాత గుర్తులు ఒక్కసారిగా పోలేదు. రెండూ పక్కపక్కనే సాగాయి.

లండన్ బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి పలక ఒకటుంది. క్రీ.పూ. 1వ శతాబ్దం ప్రాంతంలో దానిమీద బోధివృక్షం, కింద ఖాళీ పీఠం చెక్కారు. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఆ రాతినే తిప్పి, వెనకవైపు స్తూపం బొమ్మ చెక్కారు. కొత్త బొమ్మ భక్తులవైపు నిలబడింది. పాత పీఠం లోపలివైపుకి తిరిగి ఉండిపోయింది.