సీతాకోకచిలుకా, అయిదేళ్ళ ప్రణాళికా

ఏ మేనేజ్‌మెంటు పుస్తకం తెరిచినా సీతాకోకచిలుక ఎగురుతూనే ఉంటుంది. చిన్న మార్పుతో పెద్ద ఫలితం రాబట్టవచ్చని దాని తాత్పర్యమట! అసలు చరిత్ర వేరు.

1961లో ఎం.ఐ.టి. శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ తన వాతావరణ లెక్కను మధ్యనుంచి మళ్ళీ నడిపించడానికి పాత ప్రింటౌటులోని అంకెలను కంప్యూటరులోకి ఎక్కించారు. యంత్రంలో ఉన్నది 0.506127, కాగితం మీద అచ్చయింది 0.506. ఆయన కాఫీ తాగి వచ్చేసరికి యంత్రం రెండు నెలల వాతావరణం లెక్కగట్టేసింది. పాతదానితో పొంతనే లేదు. సీతాకోకచిలుక చెప్పేది మన శక్తి గురించి కాదు, మన అంచనాల హద్దు గురించి.

వాతావరణ కేంద్రాలవారు ఆ హద్దును ఒప్పుకున్నారు. 1992 డిసెంబరు నుంచి అమెరికాలో, యూరప్‌లో తొలి అంకెలను కొద్దికొద్దిగా మార్చి అదే లెక్కను పలుమార్లు నడుపుతున్నారు. జవాబులు ఎంత చెదిరితే నమ్మకం అంత తక్కువ.

వ్యాపారంలో ఇలాంటి పనిని, ఈ సిద్ధాంతంతో ప్రమేయం లేకుండానే, షెల్ కంపెనీలో పియర్ వాక్ బృందం 1970ల మొదట్లోనే చేసింది. చమురు ధరకు ఒకే అంకె చెప్పకుండా, రాగల భవిష్యత్తులు కొన్నింటిని మేనేజర్ల ముందుంచింది. 1973 అక్టోబరు తర్వాత కొద్ది నెలల్లోనే ధర దాదాపు నాలుగింతలైంది. షెల్‌వారికి అది వినని కథ కాదు.

మా రంగంలో మాత్రం అయిదేళ్ళ ప్రణాళిక ఇప్పటికీ తరచు ఒకే గీతగా తెర మీదికి వస్తుంది, అయిదో ఏటి ఆదాయం దశాంశంతో సహా! ఆ అంకెను బట్టే ఉద్యోగాలు, వాటితోపాటు మనవాళ్ళ వీసాలు.