మన్యంలో కూలి, మర్యాద

పని చేయించువానికీ, చేయువానికీ నడుమ కూలి డబ్బులతోపాటు ఒక మానవ సంబంధం కూడా ఉన్నది. అది తెగినప్పుడు ఏమగునో తెలుసుకొనుటకు మన తూర్పు కనుమల చరిత్ర చాలును.

1922 అక్టోబరు 15వ తేదీన అల్లూరి సీతారామరాజు ముందుగా కబురు పంపి మరీ అడ్డతీగల పోలీసు ఠాణా మీదికి వచ్చినాడు. అంతకు ముందే, ఆగస్టు 22, 23, 24 తేదీలలో, చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల ఆయుధాలు ఆయన దళానికి చిక్కినవి. కొండవాసులు ఇంత సాహసానికి పూనుకొనుటకు కారణమేమి? 1882 నాటి మద్రాసు అటవీ చట్టం, దాని వెంట వచ్చిన నిబంధనలు పోడు సేద్యానికి అడ్డుపడినవి. దానికి తోడు గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్, నర్సీపట్నం నుండి లంబసింగికి బాట వేయించుచు, చాలీచాలని కూలికి వారిచేత బలవంతాన పని చేయించినాడు.

ఇట్టి సంబంధాలను సాంఘిక మనస్తత్వ శాస్త్రజ్ఞులు తరువాతి కాలంలో పరిశోధించినారు. సీతారామరాజు నేలకొరిగిన 1924లోనే అమెరికాలో షికాగో చెంతనున్న హాథార్న్ కర్మాగారంలో పరిశీలనలు మొదలై 1932 వరకు సాగినవి. దీపాల వెలుతురు పనిపై చూపు ప్రభావంతో ఆరంభమైన ఆ కృషి, తోటివారి స్నేహం, పైవారి ఆదరణ అను విషయాలను ముందుకు తెచ్చినది. దాని నిర్ణయాలలో కొన్నింటిని పిమ్మటి పండితులు అంగీకరింపలేదు. 1963లో స్టేసీ ఆడమ్స్ అను శాస్త్రజ్ఞుడు, మనిషి తన శ్రమను, ప్రతిఫలాన్ని ఇతరుల వానితో పోల్చి చూచుకొనునని, అన్యాయం తోచినచో పని తగ్గించుటకో, విడిచిపోవుటకో సిద్ధపడునని వివరించినాడు.

మన్యపు కూలికి ఆ రెండు దారులూ లేవు. మిగిలినది తిరుగుబాటు. అందులో వారిని కలిపి నిలిపినవి చుట్టరికం, పరస్పర విశ్వాసం. బట్టిపనుకుల సోదరులు గాం గంటందొర, గాం మల్లుదొర ఇందుకు నిదర్శనం. గంటందొర 1924లో పోరులోనే ప్రాణం విడిచినాడు. చెరసాల పాలైన మల్లుదొర 1952లో ప్రథమ లోకసభకు ఎన్నికైనాడు.

కార్యాలయంలో గాని, మన ఇంటిలో గాని పని చేయువారు నోరు మెదపకుండుటను చూచి, వారికి అన్యాయం జరుగుట లేదని మనం అనుకొనరాదు. పని విడిచిపోగల వీలు వారికున్నదా అని ముందు విచారింపవలెను.