ప్రభువు బల్ల దగ్గర కులం: పెనుకొండ సీమ క్రైస్తవంపై కొన్ని మాటలు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల పల్లెల్లో క్రైస్తవం పేరెత్తితే చాలు, 'మాలమాదిగల దేవుడు' అనో, 'పాలపొడి కోసం కలిసినోళ్లు' అనో అంటారు. ఈ మాటలనేది ఊరి లోపలివాళ్లే. అందుకే ముందు ఆ మతం ఏం నమ్ముతుందో చూసి, తర్వాత అది ఎవరి గడపల మీదుగా వచ్చిందో చూద్దామనుకున్నాం.

దేవుడొక్కడే, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మగా ఉంటాడు. మనుషులందర్నీ తన పోలికలో చేశాడు. వడ్రంగి ఇంట పెరిగిన యేసు రోమా ప్రభుత్వం చేతిలో సిలువ మీద చచ్చి, మూడోనాడు లేచాడు. గుడ్ ఫ్రైడే, ఈస్టర్ ఆ కథే. పాపం అందరిదీ. కరణమూ పాపే, వెట్టివాడూ పాపే. పోయిన జన్మ లెక్కలు ఇక్కడ చెల్లవు. వాడలో ఈ మాట విన్నవాళ్లకు అదెంత పెద్ద మాటో వేరే చెప్పాలా?

ఆచారాల్లో ముఖ్యమైనవి రెండు. బాప్తిస్మం నీళ్లతో. ప్రభువు బల్ల అంటే అందరూ కలిసి ఒకే రొట్టె విరుచుకొని, ఒకే గిన్నెలోని ద్రాక్షరసం తాగడం. ఊరి బావిని ముట్టనివ్వని చోట నీళ్లూ, గిన్నే ఆచారాలయ్యాయి. కులం అడ్డుపడిందీ అక్కడే.

1565 తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకు మారింది. అక్కణ్ణుంచి చంద్రగిరికి పోయిన కొలువుకు 1598లో జెసూట్లు వచ్చారు. వచ్చింది రాజు దగ్గరికి, వాడకు కాదు. 18వ శతాబ్దంలో ఫ్రెంచి జెసూట్లు సన్యాసుల వేషంలో, మాంసం మానేసి, అనంతపురం ప్రాంతంలో తిరిగారు. రెడ్ల కుటుంబాలు కలిశాయి; కొన్ని తర్వాత గుంటూరు సీమకు వలసపోయాయి. అంటరానివాళ్లను తాకితే అగ్రకులాలు రావని గురువుల భయం. పోపు ప్రతినిధి టూర్నన్ 1704లో పుదుచ్చేరిలో, జబ్బుపడ్డ అంటరానివాళ్ల ఇళ్లకు కూడా పోవాల్సిందేనని ఆజ్ఞ ఇచ్చాడు. నలభై ఏళ్లు సాగదీశారు. 1744లో పోపు 14వ బెనెడిక్ట్ దాన్ని ఖాయం చేస్తే, అంటరానివాళ్లకు వేరే గురువుల్ని పెడతామన్నారు! రెండు గ్లాసుల పద్ధతి హోటళ్లలోనే పుట్టలేదన్నమాట.

వాడలకు తలుపు తెరుచుకున్నది లండన్ మిషన్‌తో. 1810లో బళ్లారి, 1822లో కడప. ఈ మూడు తాలూకాలూ 1882 దాకా బళ్లారి జిల్లాలోవే. 1876-78 ధాత కరువులో గంజి కోసం కలిశారనే వాళ్లకు ఒక మాట: కడప మిషన్ చుట్టూ మాలల కదలిక 1850ల్లోనే మొదలైంది. మావాళ్లు గంజితో పాటు బడినీ, పలకనూ అడిగారు. ఆకలి తప్పయితే ఆ తప్పు ఎవరిది?

అట్లాగని చర్చిని వెనకేసుకు రాలేం. తెలుగునాట మాల చర్చి, మాదిగ చర్చి వేరువేరుగా నిలబడ్డాయి. మతం మార్చిన మిషనరీలు కులాన్ని ఎందుకు కదిలించలేదని అంబేద్కర్ నిలదీశాడు.

ఇక రాజ్యం సంగతి. 1950 ఉత్తర్వు హిందువులకే షెడ్యూల్డు కులం అంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చింది, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రం వాళ్లను బి.సి.-సి లో వేసి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చింది. దాంతో బడి రికార్డులో ఒక పేరు, గుడిలో ఇంకో పేరు. 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. సాక్ష్యం కావాలంటే పల్లె చర్చిల బాప్తిస్మం రిజిస్టర్లలో ఉంది. చెదలు పట్టకముందే వాటిని రాసుకోవాలి. విద్యార్థి మిత్రులు ముందుకొస్తే ధర్మవరం వైపు నుంచి మొదలుపెట్టొచ్చు.