తంజాపురి అన్నచరిత్ర



ఒక నగరము యొక్క పూర్వవృత్తాంతమును తెలిసికొనగోరువారు సాధారణముగా కోటలను, గోపురములను దర్శించి తిరిగివత్తురు. ఆ నగరమున ఆకలిగొన్నవానికి అన్నము పెట్టినవారెవరు? ఆ అన్నము ఎవరెవరికి అందినది? ఈ ప్రశ్నలకు కట్టడములు మాత్రమే సమాధానము చెప్పజాలవు. వ్రాతలను కూడ ఆశ్రయింపవలెను. తంజావూరు నగరమును నేడు మనము ఈ దృష్టితో పరిశీలింతము.

ఆ నగరమున రాజప్రాసాద ప్రాంగణమునందు సరస్వతీమహల్ గ్రంథాలయము కలదు. 16, 17 శతాబ్దములలో పాలించిన తెలుగు నాయకరాజుల సరస్వతీభండారమే దీనికి మూలము. 1673లో నాయకరాజ్యము అంతరించినది. పిదప వచ్చిన మరాఠా ప్రభువులు తమ మాతృభాష వేరైనను ఆ గ్రంథములను త్రోసివేయలేదు; కాపాడి, మరికొన్ని చేర్చిరి. వారిలో రెండవ శరభోజి మహారాజు (1798–1832) చేసిన సేకరణ సాటిలేనిది. 1918లో ఈ భాండాగారము ప్రజలకు తెరువబడినది. నలుబది వేలకు పైబడిన వ్రాతప్రతులు ఇచట కలవు. వానిలో అధికభాగము సంస్కృతము. తమిళము, తెలుగు, మరాఠీ ప్రతులును గలవు.

మొదటి సాక్ష్యము శిలలది. రాజరాజ చోళుడు 1010లో పూర్తిచేసిన బృహదీశ్వరాలయపు గోడలపై ఒక దీర్ఘశాసనము కలదు. ఆలయసేవకై రప్పింపబడిన నాలుగువందల నాట్యకత్తెల పేర్లు, వారికిచ్చిన ఇండ్లు ఏ వీధిలో ఏ వరుసలో ఉన్నవో కూడ అందు చెక్కబడినవి. ఒక్కొక్కరికి సంవత్సరమునకు నూరు కలముల ధాన్యము భాగముగా నిర్ణయింపబడినది. ఇచట అన్నము సేవకు ప్రతిఫలమగు జీతము. ఈ శాసనపాఠమును నేడు ముద్రితసంపుటములలో చదువవచ్చును.

రెండవ సాక్ష్యము కవులది. నాయకరాజుల ఆస్థానమున వెలసిన తెలుగు కావ్యములు, యక్షగానములు సరస్వతీమహలున అనేకము భద్రపరుపబడినవి. విజయరాఘవనాయకుని కాలమున (1634–1673) పురుషోత్తమ దీక్షితుడు తంజాపురాన్నదాన మహానాటకమును రచించెను. రాజుగారి అన్నదానమును కీర్తించుచునే, అన్నశాలకు చేరిన విప్రులను హాస్యపాత్రలుగా నిలుపుట దీని విశేషము. శాసనమున కానరాని నవ్వు, తొందర, మానవస్వభావము ఇందు కానవచ్చును. ఇచట అన్నము రాజు చేయు దానము, రాజుకీర్తికి అలంకారము.

మూడవ సాక్ష్యము లేఖలది, లెక్కలది. 1799 ఒడంబడికతో శరభోజి రాజ్యాధికారము కుంపినీవారి వశమైనది. కోటయు దాని పరిసరములు మాత్రమే ఆయనకు మిగిలినవి. 1801లో ఆయన ఆంగ్ల రెసిడెంటుకు వ్రాసిన లేఖ చరిత్రగ్రంథములలో ముద్రితమైనది. రామేశ్వరయాత్రికులకై తన వంశమువారు నెలకొల్పిన సత్రములను తన ఆధీనముననే ఉంచవలెనని అందు కోరెను. బ్రాహ్మణుడు మొదలు అట్టడుగు కులమువాని వరకు వచ్చిన బాటసారులకెల్ల అచట భోజనము గలదనియు, రోగులకు వైద్యము, గర్భిణులకు సంరక్షణము, అనాథబాలురకు చదువు గలవనియు వివరించెను. తన దేశము ధర్మరాజ్యమను పేరునకు ఈ సత్రములే కారణమని ఆయన భావము. రాజ్యము పోయిన రాజు పట్టుదలతో నిలుపుకొనదలచినది అన్నపు గిన్నె! మరాఠా కాలమున మోడీలిపిలో వ్రాయబడిన కాగితముల కట్టలలో సత్రముల వ్యవహారములును కలవు.

జీతము, దానము, ధర్మము అను మూడు రూపములలో అన్నము మనకిట్లు దర్శనమిచ్చినది. అయితే ఇందొక జాగ్రత్త అవసరము. శాసనము పేర్కొనలేదు గనుక చోళుల కాలమున బాటసారికి అన్నము లేదని తలపరాదు. ఆ శాసనము వ్రాయబడిన ప్రయోజనము వేరు. కవి ప్రభువును మెప్పింపగోరును. లేఖ వ్రాసిన రాజు తన కోరికను సాధింపగోరును. కావున స్తోత్రమును లెక్కతోను, లెక్కను శిలతోను సరిచూచుకొనవలెను. ఏ ఒక్క సాక్షినో నమ్మువానికి సగము నగరమే కనబడును. సాక్షులందరిని విననిచ్చుటయే గ్రంథాలయము చేయు ఉపకారము.

దీనివలన మనము గ్రహింపవలసిన విషయమొకటి కలదు. మన ఆలయములలో నిత్యము అన్నదానము జరుగుచున్నది. దాతల పట్టికలు, బియ్యపు లెక్కలు, వంటవారి జీతముల పుస్తకములు, పాత ఈనాము కాగితములు ఎన్నియో చెదలపాలగుచున్నవి. కొన్ని పాతకాగితముల వర్తకునికి తూకమున పోవుచున్నవి. వాటిని పనికిమాలిన చిత్తుకాగితములని తలపరాదు. మన ఊరు ఎవరిని పంక్తిలో కూర్చుండబెట్టినదో, ఎవరిని వాకిట నిలిపినదో రాబోవు తరములకు చెప్పవలసినవి అవియే. తేమ తగులకుండ, పురుగు పట్టకుండ వాటిని కాపాడి, పట్టిక వ్రాసి, తెలిసినవారికి చూపుట కూడ భగవత్సేవయే.

అన్నము పెట్టిన చేతికి పుణ్యము కలదు. ఆ లెక్కను సత్యముగా వ్రాసి దాచిన చేతికిని అందు భాగము కలదు.

సర్వే జనాః సుఖినో భవంతు.