పలనాటి నేల – పుల్లరి పోరు



నేను నడికుడివాడను. బడిపంతులుగా నున్నకాలమున పలనాటి పటమును నల్లబల్లపై పలుమారు గీసితిని. ఉత్తరమున కృష్ణానది, దాని కావల నల్లగొండ సీమ, నైరుతిని నల్లమల కొండలు, నడుమ నాగులేరు. పటము గీసి బాలచంద్రుని కథ చెప్పితిని గాని, 1921వ సంవత్సరపు కథను చెప్పనైతిని. ఆ లోపమును నేడు తీర్చుకొందును.

మన నేలలో పెక్కుచోట్ల మీది మన్ను పలుచన, క్రింద నాపరాయి. కృష్ణ మన యెల్లనే పారుచున్నను, నాగార్జునసాగరపు కుడికాలువకు 1967లో నీరు వచ్చువరకు సేద్యము వరుణదేవుని దయపైననే యుండెను. వాన తప్పినయేడు రైతునకు పశువే ఆస్తి. పశువునకు అడవియే ఆధారము. ఆంగ్లప్రభుత్వము ఆ అడవిని తన స్వాధీనమున నుంచుకొని, మేపునకు పుల్లరి యను పన్ను విధించెను. చెల్లింపనివారి పశువులను బందెలదొడ్డికి తోలించెను.

సహాయ నిరాకరణోద్యమము సాగుచున్న 1921లో పలనాటి రైతులు పుల్లరి చెల్లింపకయే పశువులను అడవికి తోలిరి, అధికారులను వెలివేసిరి. సంగతి విచారింప వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు కారాగారమున కేగి, అచ్చటనే ‘మాలపల్లి’ నవలను రచించిరి. మించాలపాడు నివాసి కన్నెగంటి హనుమంతుగారు పోరునకు నాయకులై నిలిచిరి. 1922 ఫిబ్రవరి 12న బార్డోలీలో కాంగ్రెసు ఉద్యమమును నిలిపివేసెను. ఆ పిదప, ఆ నెలలోనే, హనుమంతుగారు పోలీసు తుపాకులకు మించాలపాడులో నేలకొరిగిరి.

గడ్డికొరకు ఇంత పోరా యని యెవరైన నడుగవచ్చును. ఐరోపాఖండమున బాల్టిక్ సముద్రపుటొడ్డున లిథువేనియా యను చిన్నదేశము కలదు. రష్యా చక్రవర్తుల ప్రభుత్వము 1864 మొదలు 1904 వరకు ఆ జనుల పుస్తకములను వారి లిపిలో అచ్చొత్తరాదని నిషేధింపగా, వారు పొరుగుసీమనుండి వానిని రహస్యముగా మోసి తెచ్చుకొనిరి. 1918లో స్వాతంత్ర్యము ప్రకటించిరి. 1940లో దానిని గోల్పోయిరి. 1990లో మరల ప్రకటించుకొనిరి. వారికి అక్షరమెట్టిదో మనవారికి గడ్డి యట్టిది. దినదినము వలయు వస్తువుపై ప్రభువు చేయివేసిననాడే సామాన్యునకు స్వరాజ్యమన నేమో తెలియును.

దేశమునకు 1947లో స్వరాజ్యము వచ్చెను. 2022లో పలనాడు ప్రత్యేక జిల్లా యయ్యెను. దాని యెల్లలను పిల్లలకు బడిలో చెప్పుదురు. ఆ యెల్లలలో ప్రాణమిచ్చినవారి కథను మాత్రము మీరు అరుగుమీద కూర్చుండబెట్టుకొని చెప్పవలయును. నేను బడిలో చేయని పని అదియే.

సెలవు.